జైలు తలుపు తెరచిన తరువాత

ప్రతి శిక్షకూ ఒక చివరి దినము ఉంటుంది. న్యాయమూర్తి తీర్పు చదివే వేళ ఆ దినము చాలా దూరాన కనిపిస్తుంది. పత్రికలు తీర్పును ప్రకటించి మరొక వార్తకు పోతాయి. వీథిలోని జనము మరచిపోతారు. ఏడేండ్లకో పదేండ్లకో ఒక ఉదయము జైలు తలుపు తెరచుకొని, చేతిలో చిన్న సంచితో ఒక మనిషి బయటకు వస్తాడు. అతడు దొంగతనము చేసినవాడైతే వీథి ఒక విధముగా చూస్తుంది. పసిపిల్లలపైననో, స్త్రీలపైననో అత్యాచారము చేసి శిక్ష అనుభవించినవాడైతే మరొక విధముగా చూస్తుంది. ఆ చూపులో కోపము ఉన్నది, భయము ఉన్నది. ఆ రెండింటికీ తగిన కారణమూ ఉన్నది.

ఇంటిల్లిపాదీ కూర్చుండి వినే రేడియోలో ఈ విషయము ఎత్తవచ్చునా అని మేము కొంతసేపు తటపటాయించిన మాట నిజము. ఎత్తుటయే మేలని చివరకు నిశ్చయించుకొన్నాము. పెద్దలు మాటలాడుకొనుటకు జంకే విషయములోనే పిల్లలకు ఎక్కువ కీడు జరుగుతుంది. మేము అడుగదలచిన ప్రశ్న ఇది: శిక్ష ముగించుకొని వచ్చిన మనిషి మళ్లీ అదే నేరము చేయకుండా సమాజము ఏమి చేయగలదు? ఇది అతనిమీద దయ చూపుటకు వేసిన ప్రశ్న కాదు. రేపు ఆ వీథిలో ఆడుకొనబోయే బిడ్డను తలచుకొని వేసిన ప్రశ్న. ఈ ప్రశ్నకు జవాబు వెదకుతూ కొన్ని దేశాలు నూరేండ్లుగా నడచిన త్రోవను ఈ ప్రసంగములో క్లుప్తముగా మనవి చేస్తాము.

నేరస్థుని జైలులో ఉంచక, సమాజములోనే ఉంచి కనిపెట్టి ఉండుట అనే పద్ధతికి మూలపురుషుడు ఒక బూట్ల వ్యాపారి. 1841 ఆగస్టులో అమెరికాలోని బోస్టన్ నగరపు పోలీసు కోర్టులో జాన్ ఆగస్టస్ అనే ఆయన కూర్చుండి ఉండగా, చింకిబట్టలతో ఒక త్రాగుబోతును బోనులో నిలబెట్టినారు. ఆగస్టస్ అతనితో నాలుగు మాటలు మాటలాడి, జామీను నిలిచి, వెంట తీసుకొనిపోయినాడు. మూడు వారాల తరువాత కోర్టుకు తిరిగి తెచ్చినప్పుడు ఆ మనిషిని ఆనవాలు పట్టుట కష్టమైనదట. న్యాయమూర్తి జైలు మాట విడిచిపెట్టి, ఖర్చులతోపాటు ఒక సెంటు జరిమానా మాత్రము విధించినాడు. 1859లో మరణించేలోగా ఆగస్టస్ దాదాపు రెండువేల మందికి ఈ విధముగా జామీను ఉన్నాడు. 1878లో మసాచుసెట్స్ రాష్ట్రము ఈ పనికి జీతముమీద ఉద్యోగులను నియమిస్తూ చట్టము చేసినది. ఇంగ్లండులో 1907లోను, మన దేశమంతటికీ 1958లోను ప్రొబేషన్ చట్టాలు వచ్చినవి.

ఈ పద్ధతిలోని ప్రాణము ఏమిటో గుర్తుంచుకొనవలెనని శ్రోతలను కోరుతున్నాము. ఆగస్టస్ ఆ మనిషిని దూరమునుండి కాపలా కాయలేదు. అతని పేరు తెలుసుకొన్నాడు, పని వెదకిపెట్టినాడు, ఇంటికి పోయి చూచినాడు, మాట తప్పితే కోర్టుకు చెప్పే బాధ్యతా తానే వహించినాడు. అండ, అదుపు ఒకే చేతిలో ఉన్నవి.

లైంగిక నేరాల విషయానికి వచ్చేసరికి మాత్రము చరిత్ర ఈ త్రోవను విడిచి మరొక త్రోవ పట్టినది. 1930లలో అమెరికాలో కొన్ని పసిపిల్లల హత్యలు పత్రికలలో పెద్ద అక్షరాలతో వచ్చినవి. ప్రజలు తల్లడిల్లిపోయినారు. 1937లో మిషిగన్ రాష్ట్రము ఒక కొత్త చట్టము చేసినది. లైంగిక నేరాలు చేసే మనస్తత్వము గలవారిని వైద్యులు గుర్తించి చెప్పవలెనని, అట్టివారిని నయమైనట్లు తేలేవరకు కాలపరిమితి లేకుండా ఆసుపత్రిలో నిర్బంధించవలెనని దాని సారాంశము. ఆ చట్టమును న్యాయస్థానము మరుసటి సంవత్సరమే కొట్టివేసినది. అయినను 1938లో ఇల్లినాయి, 1939లో కాలిఫోర్నియా, మిన్నెసోటా రాష్ట్రాలు అదే బాట పట్టినవి. అటుపైన ఒక రాష్ట్రమును చూచి మరొక రాష్ట్రము చట్టాలు చేసినది.

ఈ చట్టాలను నిదానముగా పరిశీలించినవాడు ఇండియానా విశ్వవిద్యాలయములోని నేరశాస్త్రవేత్త ఎడ్విన్ సదర్లాండ్. 1950లో ఆయన ప్రకటించిన వ్యాసాలు నేటికీ చదువదగినవి. చట్టము పుట్టే క్రమము అన్ని రాష్ట్రాలలోను ఒకటేనని ఆయన చూపినాడు. మొదట రెండు మూడు ఘోరమైన నేరాలు, వెంటనే పత్రికలలో కల్లోలము, తరువాత ఒక సంఘము, ఆ సంఘములో వైద్యుల సిఫారసు, చివరకు శాసనసభలో చర్చలేని ఆమోదము. చట్టము ఉన్న రాష్ట్రాలలో నేరాలు ఎక్కువ తగ్గినట్లు ఆయనకు కనబడలేదు. ఎవరిని ఆ చట్టము క్రిందికి తేవలెనో వైద్యులే ఏకాభిప్రాయముతో చెప్పలేకపోయినారు. మరొక సంగతి కూడ ఆయన చెప్పినాడు. పసిపిల్లల ప్రాణాలకు ముక్కుమొగము తెలియని క్రూరునివలన కలిగే అపాయము కన్న, బంధువుల వలన, ఎరిగినవారి వలన కలిగే అపాయమే ఎక్కువ అని. మన దేశములో జాతీయ నేర నమోదు సంస్థ ఏటేటా ప్రకటించే లెక్కలు నేడు కూడ ఈ మాటనే చెబుతున్నవి. అత్యాచారపు కేసులలో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు బాధితురాలు ఎరిగినవాడే.

ఇక ఐరోపా సంగతి. డెన్మార్కు 1929లో ఒక చట్టము చేసి, లైంగిక నేరస్థులకు వృషణాలను తొలగించే శస్త్రచికిత్సకు అనుమతించినది. నార్వే, ఫిన్లాండు, స్వీడను దేశాలు తరువాతి కాలములో ఆ వైపు నడచినవి. జర్మనీలో 1933లో నాజీలు దానిని నిర్బంధ శిక్షగానే మార్చినారు. డెన్మార్కులో సమ్మతి తీసుకొనేవారు. కాని గడువు లేని నిర్బంధములో ఉన్న ఖైదీకి, కత్తికి ఒప్పుకొంటే విడుదల దగ్గరపడుతుందని తెలిసినప్పుడు, అతడు ఇచ్చే సమ్మతిని సమ్మతి అనవచ్చునా? ఈ ప్రశ్న అక్కడివారినే వేధించినది. కాలక్రమమున ఆ పద్ధతి వెనుకపడినది.

అదే డెన్మార్కులో, కోపెన్‌హాగెన్ సమీపాన 1935లో తెరచిన హెర్‌స్టెడ్‌వెస్టర్ సంస్థ మరొక పాఠము నేర్పినది. అక్కడ 1942 నుండి మూడు దశాబ్దాలపాటు అధిపతిగా ఉన్న మనోవైద్యుడు గేయార్గ్ స్టూరుప్. మిగిలిన జైళ్లు చేతులెత్తిన ఖైదీలను ఆయన దగ్గరకు పంపేవారు. ఆ శస్త్రచికిత్సలు ఆ సంస్థలోను జరిగినవి. వాటిని ఆయన సమర్థించినాడు కూడ. అయినను ఆయన పనిలో తరువాతివారు గ్రహించినది వేరు. కాపలాదారు మొదలు వైద్యుని వరకు సంస్థలోని ప్రతి ఒక్కరూ చికిత్సలో భాగమేనని, విడుదలైన తరువాత కూడ ఆ మనిషితో సంబంధము తెగకూడదని ఆయన పట్టుపట్టినాడు.

ఆ తరువాతి కాలములో మనోవైద్యము మాటల చికిత్సవైపు తిరిగినది. ఖైదీలను పదిమందిగా కూర్చోబెట్టి, తాము చేసిన నేరమును గూర్చి చెప్పించి, ఆ నేరానికి ముందు తమ మనస్సు ఏ మెట్లు దిగినదో గుర్తింపజేసి, మళ్లీ ఆ మెట్లు దిగకుండుటకు ఉపాయాలు నేర్పేవారు. త్రాగుడు మాన్పించే వైద్యులనుండి ఈ పద్ధతిని అరువు తెచ్చుకొన్నారు. వినుటకు సబబుగానే ఉన్నది. ఫలించినదా?

ఇక్కడ ఆ దేశాల పండితులు చేసిన ఒక మంచి పనిని మెచ్చుకొనవలసి ఉన్నది. తాము నమ్మిన పద్ధతిని తామే లెక్క కట్టి చూచుకొన్నారు. కాలిఫోర్నియాలోని అటాస్కడెరో ఆసుపత్రిలో 1985 నుండి 1995 వరకు ఒక పెద్ద ప్రయోగము జరిగినది. చికిత్సకు ఒప్పుకొన్నవారిని చీట్లు వేసినట్లు రెండుగా విభజించి, ఒక భాగానికి చికిత్స చేసి, మరొక భాగానికి చేయకుండ, ఒప్పుకొననివారిని మూడవ భాగముగా ఉంచి, మొత్తము 704 మందిని సంవత్సరాల తరబడి గమనించినారు. 2005లో ఫలితము ప్రకటించినారు. చికిత్స పొందినవారికీ పొందనివారికీ చెప్పుకోదగిన భేదము లేదు.

ఇంగ్లండు అనుభవము ఇంకను కఠినము. అక్కడి జైళ్లలో 1990ల ఆరంభము నుండి ఇట్టి చికిత్సను దేశవ్యాప్తముగా నడిపినారు. 2017లో ప్రభుత్వమే ఒక నివేదిక ప్రకటించినది. చికిత్స పొందిన 2,562 మందిని, పొందని 13,219 మందితో పోల్చి, సగటున ఎనిమిది సంవత్సరాలకు పైగా గమనించగా, చికిత్స పొందినవారిలో 10 శాతము, పొందనివారిలో 8 శాతము మళ్లీ లైంగిక నేరము చేసినట్లు తేలినది. మేలు జరుగకపోవుట అటుంచి, కొంత కీడే జరిగినదా అనే అనుమానానికి చోటు కలిగినది. ప్రభుత్వము ఆ కార్యక్రమమును నిలిపివేసి, వేరు పద్ధతులను ప్రవేశపెట్టినది. పాతికేండ్లు నడిపిన దానిని తప్పని ఒప్పుకొనుటకు ధైర్యము కావలెను.

అట్లని చికిత్స అంతా వ్యర్థమని తేల్చివేయుటయు సరి కాదు. కెనడా దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కార్ల్ హాన్సన్, ఆయన సహచరులు 2002లో 43 పరిశోధనలను ఒకచోట చేర్చి చూడగా, చికిత్స పొందినవారిలో 12.3 శాతము, పొందనివారిలో 16.8 శాతము మళ్లీ లైంగిక నేరము చేసినట్లు కనబడినది. ఏ చికిత్సలు పనిచేసినవో 2009లో వారే మరింత తరచి చూచినారు. అపాయము ఎక్కువగా ఉన్నవారికి ఎక్కువ శ్రద్ధ, తక్కువగా ఉన్నవారికి తక్కువ; నేరానికి నిజముగా దారి తీసే కారణాలమీదనే దృష్టి; ఆ మనిషి చదువుకు, గ్రహణశక్తికి తగిన బోధన. ఈ మూడు సూత్రాలను పాటించిన చోట ఫలితము మెరుగుగా ఉన్నది. అందరికీ ఒకే కషాయము పోసిన చోట లేదు.

మరొక లెక్క కూడ ఇక్కడ చెప్పవలెను. హాన్సన్ 1998లో 61 పరిశోధనలలోని ఇరవై మూడు వేలకు పైబడిన నేరస్థుల వివరాలు కూర్చి చూడగా, నాలుగైదు సంవత్సరాలలో మళ్లీ లైంగిక నేరము చేసి పట్టుబడినవారు 13.4 శాతము. బాధితులు బయటపెట్టనివి ఎన్నో ఉంటాయి గనుక నిజమైన సంఖ్య ఇంతకన్న హెచ్చే. అయినను, ఇట్టివారందరూ తప్పక మళ్లీ అదే చేస్తారనే సామాన్యాభిప్రాయమునకు ఈ లెక్కలు ఆధారము చూపవు. కొందరు చేస్తారు, చాలమంది చేయరు. ఆ కొందరు ఎవరు, వారిని ఎట్లు ఆపుట అనేదే అసలు సమస్య.

వైద్యులు తర్జనభర్జన పడుతూ ఉండగా, చట్టసభలు ఊరుకొనలేదు. 1947లోనే కాలిఫోర్నియా ఇట్టి నేరస్థుల పేర్లు పోలీసు రిజిస్టరులో నమోదు కావలెనని చట్టము చేసినది. 1990లో వాషింగ్టన్ రాష్ట్రము ఆ పేర్లను ఇరుగుపొరుగువారికి తెలియజేసే ఏర్పాటు చేసినది. 1994లో దేశమంతటా రిజిస్టర్లు ఉండవలెనని, 1996లో వాటిని ప్రజలకు వెల్లడి చేయవలెనని కేంద్ర చట్టాలు వచ్చినవి. ఈ చట్టాలలో కొన్నింటికి హతులైన బిడ్డల పేర్లే పెట్టినారు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లిదండ్రులు అడిగినదానిని కాదనుటకు ఏ శాసనసభ్యునికి నోరు వస్తుంది? వారి దుఃఖమును గౌరవిస్తూనే, చట్టము పనిచేసినదా అని అడుగక తప్పదు.

పేరు తెలిసిన తరువాత జనము కోరినది దూరము. బడికి ఇన్ని అడుగులలోపల నివసించరాదు, ఉద్యానమునకు ఇన్ని అడుగులలోపల నివసించరాదు అని నియమాలు పుట్టినవి. ఫ్లోరిడా రాష్ట్రములోని మయామీ ప్రాంతములో ఈ దూరము 2,500 అడుగులు. కొలత వేసి చూస్తే చట్టబద్ధముగా ఉండదగిన చోటు దాదాపు లేకుండ పోయినది. సముద్రపు పాయమీద నిర్మించిన జూలియా టటిల్ అనే వంతెన క్రింద, కారుల రొద నడుమ, డేరాలు వేసుకొని పదుల సంఖ్యలో మనుష్యులు 2010 వరకు కాలము గడిపినారు. అధికారులే ఆ వంతెన క్రిందిచోటును వారి నివాసముగా అంగీకరించవలసి వచ్చినది. ఇల్లు లేదు, పని లేదు, పలుకరించే మనిషి లేడు. పోగొట్టుకొనుటకు ఏమీ మిగులని మనిషి వలన పిల్లలకు భద్రత పెరిగినదో తరిగినదో శ్రోతలే ఊహించగలరు.

మిన్నెసోటా రాష్ట్రపు జైళ్ల శాఖవారు 2007లో ఈ విషయమును లెక్కగట్టినారు. విడుదలైన తరువాత మళ్లీ లైంగిక నేరము చేసిన 224 మంది కేసులను ఒక్కొక్కటిగా తెరచి చూచినారు. నివాస దూరపు నియమము ఉండి ఉంటే వీటిలో ఎన్ని నేరాలు ఆగి ఉండేవి? వారికి ఒక్కటి కూడ కనబడలేదు. నేరస్థులు బాధితులను బడి వాకిట వెదకలేదు. చాలవరకు స్నేహము ద్వారా, చుట్టరికము ద్వారా, పరిచయము ద్వారా చేరువైనారు. 1950లో సదర్లాండ్ చెప్పిన మాటనే యాభై ఏడేండ్ల తరువాత ప్రభుత్వ దస్త్రాలు చెప్పినవి.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచిన ఘట్టమునకు వస్తాము. అది 1994లో కెనడాలోని హామిల్టన్ అనే పట్టణములో జరిగినది.

కెనడా చట్టములో ఒక విడ్డూరము ఉండేది. సామాన్యముగా ఖైదీని శిక్ష పూర్తి కాకముందే వదలి, మిగిలిన కాలము అధికారుల పర్యవేక్షణలో ఉంచుతారు. 1986 నుండి, మిక్కిలి ప్రమాదకరులని తోచినవారిని మాత్రము చివరి దినము వరకు జైలులోనే ఉంచే అధికారము వచ్చినది. చివరి దినము ముగిసిన మరుక్షణము వారిపై ఎవరికీ అధికారము లేదు. అందరికన్న ఎక్కువ ప్రమాదకరుడు, అందరికన్న తక్కువ పర్యవేక్షణతో వీథిలోకి వస్తాడన్న మాట.

అట్టివాడొకడు ఆ సంవత్సరము విడుదలైనాడు. మందబుద్ధి గలవాడు, పిల్లలపై నేరాలు చేసి మాటిమాటికి జైలుకు పోయి వచ్చినవాడు. మళ్లీ చేస్తాడనే అందరూ నమ్మినారు. పట్టణము అట్టుడికినట్లు ఉడికినది. పత్రికలు ఫోటోలు వేసినవి. పోలీసులు రాత్రింబవళ్లు కావలి పెట్టినారు. జైలులోని మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒకరు, ఆ ఖైదీని పూర్వము ఎరిగిన హారీ నై అనే మత బోధకునికి కబురు చేసినారు. హారీ నై మెన్నొనైటు శాఖకు చెందినవాడు. శాంతివాదులైన ఈ క్రైస్తవ శాఖవారి మిషను పాలమూరు సీమలో జడ్చర్ల మొదలైన చోట్ల చిరకాలముగా ఉన్న సంగతి మన శ్రోతలలో కొందరికి తెలిసియే ఉంటుంది.

హారీ నై తన చిన్న సంఘములోనుండి కొద్దిమందిని పోగుచేసినాడు. వారు వైద్యులు కారు, పోలీసులు కారు. ఉద్యోగాలు, సంసారాలు గల మామూలు మనుష్యులు. ఆ మనిషితో ఒక ఒడంబడిక చేసుకొన్నారు. ప్రతిదినము ఎవరో ఒకరు అతనిని కలుస్తారు. ఇల్లు చూచిపెడతారు, అంగడికి తోడు పోతారు, వైద్యుని దగ్గరకు తీసుకొనిపోతారు. అతడు తన మనస్సులో కలిగే ఆలోచనలను దాచరాదు. ఎక్కడికి పోయినదీ, ఎవరితో మాటలాడినదీ చెప్పవలెను. దారి తప్పుతున్నట్లు తోస్తే వారు మొగము మీదనే అడుగుతారు. అపాయము కనబడితే పోలీసులకు చెబుతారు. కావలికి వచ్చిన పోలీసు అధికారులతోను వారికి క్రమముగా మాట కలిసినది. ఆ మనిషి ఆ తరువాత పదేండ్లకు పైగా జీవించి మరణించినాడు. మళ్లీ ఏ బిడ్డకూ కీడు చేయలేదు.

ఒక్క మనిషి కథతో సిద్ధాంతము చేయరాదు. అదే సంవత్సరము టొరాంటోలో మరొకరి చుట్టూ ఇట్టి మండలి ఏర్పడినది. మెన్నొనైటువారి సేవాసంఘము, ప్రభుత్వ జైళ్ల శాఖ కలిసి దీనిని ఒక పద్ధతిగా మలచినారు. 'అండ, జవాబుదారీల మండలి' అని దాని పేరును తెలుగు చేసుకొనవచ్చును. లోపలి వలయములో నలుగురైదుగురు స్వచ్ఛంద సేవకులు. బయటి వలయములో వారికి సలహా చెప్పే మనస్తత్వజ్ఞుడు, పోలీసు, ప్రొబేషన్ అధికారి. ఇద్దరు బాధితులు కాదు, ఒక్కరు కూడ ఇక ఉండరాదు అనేది మొదటి నియమము. ఏ మనిషినీ చెత్తవలె పారవేయరాదు అనేది రెండవది. మొదటిది నెరవేరుటకే రెండవది అని వారి వాదము. 2002లో క్వేకర్లు ప్రభుత్వ సహాయముతో ఈ పద్ధతిని ఇంగ్లండుకు తెచ్చినారు. ఆ తరువాత నెదర్లాండ్సు మొదలగు దేశాలకు వ్యాపించినది.

దీనిని కూడ లెక్కగట్టినారు. కెనడాలో మండలి అండ గల 60 మందిని, అట్టి నేరచరిత్రయే కలిగి మండలి లేని 60 మందితో పోల్చి 2005లో ప్రకటించిన పరిశోధనలో, మండలి గలవారిలో మళ్లీ లైంగిక నేరము చేసినవారు ముగ్గురు, లేనివారిలో పదిమంది. మిన్నెసోటా రాష్ట్రము 2008లో ఇట్టి మండలులు ప్రారంభించి, చీట్లు వేసినట్లు 50 మందికి మండలి ఇచ్చి, 50 మందికి ఇవ్వక గమనించినది. మండలి గలవారు కొత్త లైంగిక నేరానికి అరెస్టయే అవకాశము 88 శాతము తగ్గినట్లు 2018లో ప్రకటించినారు. ఈ సంఖ్యలు చిన్నవి. నూరుమందిని చూచి లక్షమందికి నియమము చెప్పలేము. కాని లక్షలమందిపై ప్రయోగించిన దూరపు నియమాలకు ఈ మాత్రపు ఆధారమైనను లేదు.

ఇంతవరకు విన్న శ్రోతలలో కొందరి మనస్సులో ఒక ఆక్షేపణ మెదలుతూ ఉంటుందని మేము ఎరుగుదుము. బాధపడిన బిడ్డ సంగతి ఏమిటి? బాధపెట్టినవానికి నలుగురు స్నేహితులను సమకూర్చే సమాజము, ఆ బిడ్డకు ఎందరిని సమకూర్చినది? ఈ ఆక్షేపణకు మా దగ్గర జవాబు లేదు. అది ఆక్షేపణ కాదు, న్యాయమైన నిలదీత. బిడ్డకు వైద్యము, చదువు, కోర్టులో గౌరవము, ఊరిలో తలయెత్తుకొని తిరిగే హక్కు మొదట సమకూడవలెను. మండలి దానికి బదులు కాదు. రెండవ బిడ్డకు ఆ గతి పట్టకుండ చేసే ప్రయత్నము మాత్రమే. తీరని బాధకు కారకుడైనవానిని క్షమించుమని బాధితులను ఎవరూ కోరరాదు. ఆ భారమును వారి భుజాలనుండి దించి, కనిపెట్టి ఉండే పనిని ఊరు తాను ఎత్తుకొనుటయే ఇక్కడ జరిగినది.

మన దేశమునకు వస్తే, ఢిల్లీ దారుణము తరువాత ఏర్పడిన జస్టిస్ వర్మ సంఘము 2013 జనవరిలో నివేదిక ఇచ్చినది. ఖైదీ సమ్మతి లేకుండ మందులతో లైంగికశక్తిని అణచే శిక్షను ఆ సంఘము తిరస్కరించినది. అత్యాచారానికి సమాజములో ఉన్న మూలాలను అది తాకదని చెప్పినది. 2018 సెప్టెంబరు 20న లైంగిక నేరస్థుల జాతీయ రిజిస్టరు ప్రారంభమైనది. నాలుగు లక్షల నలభై వేలకు పైగా నమోదులతో మొదలైన ఈ రిజిస్టరు అమెరికాలోవలె బహిరంగము కాదు. పోలీసు మొదలగు శాఖలు మాత్రమే చూడగలవు. అది వివేకమైన నిర్ణయమే. అయితే 1958 నాటి ప్రొబేషన్ చట్టములోని మంచినడవడి విడుదల, మరణశిక్షకు గాని యావజ్జీవ శిక్షకు గాని తగిన నేరాలకు వర్తించదు. అత్యాచారము యావజ్జీవ శిక్షకు తగిన నేరము. కనుక తీవ్రమైన నేరము చేసినవాడు జైలులో తన కాలము పూర్తిచేసుకొని బయటకు వచ్చునాడు, ఆ చట్టము క్రింద అతనికై ఎదురుచూచే ప్రొబేషన్ అధికారి ఉండడు. కెనడా 1994లో ఎదుర్కొన్న విడ్డూరమునకు ఇది దూరపు చుట్టము కాదు.

తెలుగునాట ఒక చిన్న ప్రయత్నమును పేర్కొనవలెను. 2014 అక్టోబరులో హైదరాబాదులో ఏర్పడిన షీ టీములు, వీథిలో ఆడపిల్లలను వేధించి పట్టుబడిన యువకులను తల్లిదండ్రుల సమక్షములో కూర్చోబెట్టి మందలించి, బుద్ధి చెప్పే పద్ధతిని అవలంబించినవి. ఇది చిన్న నేరాలకు సంబంధించినది. పెద్ద నేరాలకు ఇది చాలదు. కాని ఇందులో ఒక గ్రహింపు ఉన్నది. తప్పుచేసినవానిని ఎరిగినవారి ఎదుట నిలబెట్టుట, వానిని కనిపెట్టి ఉండే పనిలో ఇంటివారిని కూడ బాధ్యులను చేయుట. మన పల్లెలలో ఇరుగుపొరుగు కన్ను తప్పించుకొనుట కష్టమని పెద్దలు అనేవారు. ఆ కన్ను చాలసార్లు బాధితురాలినే వెంటాడినది, ఆమె నోరే మూయించినది; ఇది మనము సిగ్గుపడవలసిన సంగతి. అదే కన్నును నేరము చేసినవానివైపు, శాశ్వతముగా, శాంతముగా త్రిప్పుట సాధ్యమా అనేది మన తరము తేల్చుకొనవలసిన ప్రశ్న.

నూరేండ్ల చరిత్రలో సమాజము ఇట్టి మనిషిని గోడలలో దాచినది, కత్తితో మార్చజూచినది, మాటలతో మార్చజూచినది, వంతెన క్రిందికి తరిమినది. వీటిలో కొన్నింటికి కొంత ఫలితము ఉన్నది, కొన్నింటికి లేదు. ఎక్కువ ఆశ చూపిన పద్ధతి బోస్టన్ బూట్ల వ్యాపారి పద్ధతికి దగ్గరగా ఉన్నది: పేరు తెలిసిన మనిషి, ప్రతి వారము అడిగే ప్రశ్న, అబద్ధమాడితే పట్టుకొనే నలుగురు. జైలు తలుపు ఏదో ఒకనాడు తెరచుకొనుట తప్పదు. ఆ ఉదయము వాకిట ఎవరూ లేకపోవుట, రాళ్లు పట్టుకొన్న గుంపు ఉండుట, ఒడంబడిక కాగితముతో నలుగురు నిలబడి ఉండుట — ఈ మూడింటిలో ఏది ఉంటే తమ బిడ్డ ఆ సాయంకాలము నిర్భయముగా ఆడుకొనగలదో, శ్రోతలు తమ ఇండ్లలో ఒకసారి మాటలాడుకొనవలెనని మా కోరిక.